హృదయలిపిని చదివిన శాస్త్రజ్ఞుడు

నగరములలోని పెద్ద వైద్యశాలలయందేకాక, మండల కేంద్రములోని చిన్న వైద్యుని గదిలోను నేడు కనబడు దృశ్యమొకటి కలదు. రోగిని బల్లపై పరుండబెట్టుదురు. చేతులకు, కాళ్ళకు పట్టీలు బిగింతురు. ఱొమ్మున చిన్న చిన్న బిళ్ళలు అంటింతురు. కొలది నిమిషములలో ఒక యంత్రమునుండి గళ్ళ కాగితము జాఱి వచ్చును. దానిమీద ఒక గీత. ముందొక చిన్న మిట్ట. దాని వెనుక గోపురమువలె నిటారుగా లేచి పడిన కొన. పిమ్మట మరల ఒక వెడల్పైన మిట్ట. ఈ వరుసయే కాగితము కడవఱకు సాగును. దీనికే ఈ.సి.జి. అని పేరు. ఈ మాట వినని యిల్లు నేడు అరుదు.

ఆ గీతలోని ఎత్తుపల్లములకు వైద్యులు పేర్లు పెట్టిరి. మొదటి మిట్ట పి, శిఖరమునకు ముందటి పల్లము క్యు, శిఖరము ఆర్, దాని వెంటనున్న పల్లము ఎస్, చివరి మిట్ట టి. ఆంగ్లాక్షరములు నేర్చిన పసివానికైనను ఇచట ఒక సందేహము కలుగవలెను. ఏ, బి, సి, డి లతో మొదలిడక నడుమనున్న పి నుండి ఏల ఎత్తుకొనిరి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో ఒక మహాశాస్త్రజ్ఞుని జీవితము కన్నులయెదుట నిలుచును. అతడు హాలెండు దేశీయుడైన విల్లెమ్ ఐంథోవెన్.

హాలెండు దేశీయుడే యైనను అతడు పుట్టినది హాలెండులో కాదు. మన పూర్వులు యవద్వీపమని పిలిచిన జావాలో, సెమరాంగ్ అను రేవు పట్టణమున, 1860వ సంవత్సరము మే 21వ తేదీన జన్మించెను. ఆ కాలమున జావా డచ్చివారి యేలుబడిలో నుండెను. తండ్రి జేకబ్ డచ్చి సైన్యమున వైద్యుడుగా పనిచేసి, పిమ్మట సెమరాంగ్ పురవైద్యుడుగా స్థిరపడెను. బాలునికి ఆఱేండ్లు నిండుసరికి, 1866లో, తండ్రి మరణించెను. ఆఱుగురు బిడ్డలతో మిగిలిన తల్లి లూయీ డి వోగెల్ నాలుగేండ్లు ఎట్లో నెట్టుకొని వచ్చి, 1870లో ఓడయెక్కి హాలెండుకు మరలి, ఉట్రెక్ట్ నగరమున కాపురము పెట్టెను. కొబ్బరితోపుల నడుమ పుట్టిన పిల్లవాడు మంచు కురియు దేశమునకు పదియవ యేట క్రొత్తవాడై చేరెను.

వైద్యవిద్య నేర్చి తండ్రివలెనే సైనిక వైద్యుడుగా జావాకు మరలిపోవలెనని అతని యుద్దేశము. ఆ షరతుమీదనే ప్రభుత్వపు విద్యార్థివేతనముతో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమున చేరెను. అతడు పుస్తకముల పురుగు కాడు. వ్యాయామము, కత్తిసాము, పడవ నడుపుట అతనికి ప్రాణము. ఉట్రెక్ట్ విద్యార్థుల పడవసంఘమును స్థాపించినవారిలో అతడొకడు. ఒకనాడు వ్యాయామము చేయుచు క్రిందపడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. మఱియొకడైనచో విధిని నిందించుచు మంచమున పడియుండును. ఐంథోవెన్ కట్టుకట్టిన చేతిని చూచుచు, ముంజేయి ఇటునటు ఎట్లు తిరుగుచున్నది, మోచేతి కీలును భుజపు కీలును అందులకెట్లు తోడ్పడుచున్నవి అను విషయము ఆలోచించి ఒక శాస్త్రవ్యాసము వ్రాసెను. దేహమును యంత్రమువలె చూచు దృష్టి అతనికి అప్పుడే అలవడినది.

అతని గురువు డాండర్స్ నేత్రశాస్త్రమున యూరపు ఖండమంతట పేరుగన్నవాడు. శిష్యుడును కంటినే పట్టుకొనెను. నల్లని పలకమీద ఎఱ్ఱని అక్షరములు, నీలి అక్షరములు ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో, రెండును ఒకే తలమున ఉన్నను, కొందఱికి ఎఱుపు దగ్గఱగను నీలము దూరముగను తోచును; మఱికొందఱికి ఇందుకు విరుద్ధముగా తోచును. ఇది యేల? లోపము పలకయందు లేదు, కంటియందున్నది. వేర్వేఱు వన్నెల కాంతి కంటిలోపల వేర్వేఱుగా వంగుటయే, కంటి నిర్మాణము నడిగీతకు సరిగా అమరియుండకపోవుటయే కారణమని అతడు నిరూపించెను. 1885లో ఈ సిద్ధాంతవ్యాసమునకే అతనికి పట్టము లభించెను. చూపించు సాధనము చూడబడు వస్తువుపై తన ముద్ర వేయునను సంగతి ఇరువదియైదేండ్ల వయస్సున అతని మనస్సున నాటుకొనెను. తరువాతి జీవితమంతయు అతడు ఆ ముద్రను చెరుపుటకే వెచ్చించెననిన అతిశయోక్తి కాదు.

ఆ యేడే లైడెన్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్య పదవి అతనిని వరించెను. 1886లో పని ప్రారంభించెను. జావా ప్రయాణము ఆగిపోయినది. ఆ యేడే వివాహమును జరిగెను. వధువు అతని తల్లి పుట్టినింటివారి పిల్లయే. మేనరికములకు అలవాటుపడిన మన కిది వింతగా తోచదు. లైడెన్‌లో పెట్టిన ఆ కాపురము, ఆ ఆచార్యపీఠము అతడు కన్నుమూయువఱకు నలువదియొక యేండ్లు కదలలేదు.

ఇక గుండెమాట. గుండె కొట్టుకొనునపుడు అందు విద్యుత్తు పుట్టునని అప్పటికే శాస్త్రజ్ఞు లెఱుగుదురు. 1856లో కోలికర్, ముల్లర్ అను ఇరువురు కొట్టుకొనుచున్న గుండెమీద కప్పకాలి నరమును ఆనించి చూచిరి. గుండె కొట్టుకొనినపుడెల్ల కాలి కండ తటాలున అదరినది. ఆనాడు విద్యుత్తును పసిగట్టుటకు కప్పకాలే కొలతసాధనమన్నమాట. ఐతే, మనుష్యుని ఱొమ్ము కోసి గుండెపై తీగ మోపుట సాధ్యముకాదు గదా. గుండెలో పుట్టిన ఆ విద్యుత్తు దేహమందలి ఉప్పుద్రవములగుండ ప్రాకి చర్మమువఱకు వచ్చును. కాని వచ్చుసరికి దాని బలము ఒక వోల్టులో సుమారు వేయవ వంతు. చేతిదీపములో వేయు చిన్న బ్యాటరీ ఒకటిన్నర వోల్టులని తెలిసినవారికి ఇది యెంత స్వల్పమో ఊహింపవచ్చును.

ఆ స్వల్పమును మొదట పట్టినవాడు లండనులోని సెంట్ మేరీ వైద్యశాలయందలి అగస్టస్ వాలర్. 1887లో అతడు మనుష్యుని చర్మముపైనుండియే గుండె విద్యుత్తును గీతగా పట్టి చూపెను. వాలర్‌కు జిమ్మీ అను పెంపుడు కుక్క ఉండెను. దాని పాదములను ఉప్పునీటి పాత్రలలో నిలిపి అతడు సభలలో ప్రదర్శనము లిచ్చుచుండెను. 1889లో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున జరిగిన శరీరధర్మశాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభలో వాలర్ చేసిన ప్రదర్శనమును చూచినవారిలో ఐంథోవెన్ ఉండెను. వాలర్ మహాప్రతిభాశాలి, మార్గము తెఱచిన గౌరవము అతనిదే. కాని ఆ గీత రోగుల మంచములకడకు పోగలదని అతడు విశేషముగా ఆశింపలేదు. అందుల కతనిని తప్పుపట్టుట న్యాయముకాదు. అతని చేతిలోని సాధనము అట్టిది.

ఆ సాధనము లిప్‌మన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన కేశనాళికా విద్యున్మాపకము. వెండ్రుకవలె సన్నని గాజుగొట్టములో పాదరసము, దానిపై సజలగంధకామ్లము. విద్యుత్తు సోకగనే పాదరసపు కొన కొంచెము లేచును, లేక దిగును. ఆ కదలికను భూతద్దముతో పెంచి, కదలుచున్న ఫోటోపలకపై నీడగా పట్టుదురు. సాధనము చక్కనిదే, కాని పాదరసము బరువైనది, జిగటుగా కదలునది. గుండె విద్యుత్తు క్షణములో నూఱవ వంతు కాలమున ఎగసిపడునది. ఆ యెగుపును పాదరసము అందుకొనలోపలనే అది దిగిపోవును. గుఱ్ఱపు పరుగును ఎద్దుబండి వెంబడించినట్లున్నది ఈ వ్యవహారము. బండి వెళ్ళిన జాడ నిజమే. కాని దానిని చూచి గుఱ్ఱము ఎట్లు దూకినదో చెప్పలేము.

ఐంథోవెన్ ఆ సాధనముతో ఆఱేడేండ్లు పెనగులాడెను. అతని పరిశోధనశాల పాత కట్టడము. వెలుపల రాళ్ళు పఱచిన వీథిలో గుఱ్ఱపుబండి పోయినపుడెల్ల గొట్టములోని పాదరసము వణకెడిదట. నేలను లోతుగా త్రవ్వించి బండరాళ్ళు వేయించినను వణకు పూర్తిగా పోలేదని చెప్పుదురు. వణకు సంగతి యటులుంచి, పాదరసపు సోమరితనమును ఏమి చేయుట? ఐంథోవెన్ గణితమును ఆశ్రయించెను. ఏ సాధనము ఎంత ఆలస్యము చేయునో ముందుగా కొలిచినచో, అది గీసిన గీతనుండి ఆ యాలస్యమును తీసివేసి, అది గీయవలసియుండిన గీతను లెక్కకట్టవచ్చును. గీతలోని ఒక్కొక్క బిందువుకడ వాలును కొలిచి, గుణించి, కూడి, క్రొత్త గీతను చేతితో గీయవలెను. ఒక్క గుండెచప్పుడునకు ఇంత పని.

పాదరసము గీసిన గీతలో నాలుగు మలుపులు కనబడెను. వానికతడు ఏ, బి, సి, డి అని పేరిడెను. లెక్కకట్టి దిద్దిన గీతలో మలుపులు ఐదయ్యెను. వాని రూపులును మాఱిపోయెను. రెండు గీతలను ఒకే కాగితముమీద చూపవలసివచ్చినపుడు ఒకే అక్షరములు వాడినచో గందరగోళము తప్పదు. కావున 1895లో దిద్దిన గీతకు పి, క్యు, ఆర్, ఎస్, టి అను క్రొత్త పేర్లు పెట్టెను. రేఖాగణితమున వక్రరేఖపై బిందువులను పి మొదలుగా గుర్తించుట పరిపాటి. దానినే అనుసరించి యుండునని పలువుర యూహ. కారణమేదైనను, ఆ యక్షరములలో ఒక వివేకము దాగియున్నది. ఏ, బి, సి, డి లు యంత్రము చెప్పిన మాట. పి మొదలైనవి గుండె చెప్పిన మాట. ఈ రెండింటికి నడుమనున్న భేదమే వైద్యోపకరణశాస్త్రమునకంతకు పునాదియని చెప్పవచ్చును. నేడు వైద్యశాలలో రక్తపుపోటు కొలుచు పట్టీ మొదలు జ్వరమానివఱకు ఏ సాధనమునుగూర్చియైనను మొదట అడుగవలసిన ప్రశ్న యిదే: ఈ అంకెలో దేహముదెంత, యంత్రముదెంత?

మఱియొకడైనచో ఆ గణితముతో కీర్తి గడించి అంతటితో తృప్తిపడియుండును. ఐంథోవెన్‌కు తృప్తి కలుగలేదు. ఒక్కొక్క రోగి గీతకు గంటలకొలది లెక్కకట్టు పద్ధతి పండితసభకు తగునుగాని వైద్యశాలకు తగదు. తప్పు చేయు సాధనమును దిద్దుచు కూర్చుండుటకంటె తప్పు చేయని సాధనమును నిర్మించుట మేలు. అయిదాఱేండ్ల శ్రమతో సాధించిన విద్యను తానే అనవసరము చేసికొనుటకు పూనుకొనిన పండితులు లోకమున అరుదు.

ఆనాడు విద్యుత్తును కొలుచుటకు మఱియొక విధమైన సాధనము వాడుకలో నుండెను. అయస్కాంతపు రెండు కొనల నడుమ పలుచుట్లు చుట్టిన తీగచుట్ట వ్రేలాడును. విద్యుత్తు పాఱగనే చుట్ట తిరుగును. ఐంథోవెన్ ఆలోచన సాగిన తీరు మనోహరమైనది. చుట్ట బరువైనచో వేగము తగ్గును. కావున చుట్లు తగ్గింపవలెను. తగ్గించుచు పోగా కడకు ఒక్క చుట్టు మిగులును. అందును సగము తీసివేసినచో మిగులునది ఒకే ఒక నిడుపాటి తంత్రి. దానిని వీణెతీగవలె బిగించి, మహాబలముగల విద్యుదయస్కాంతపు కొనల నడుమ నిలిపినచో, పాఱిన విద్యుత్తునుబట్టి అది ఒక ప్రక్కకు ఒరుగును. తంత్రి ఎంత సన్ననిదైన అంత చురుకు. బంగారమును తూచు కంసాలి త్రాసును కట్టెల అడితిలోని కాటాను ఎఱిగినవారికి ఈ సూత్రము క్రొత్తది కాదు. తూచవలసిన వస్తువుకంటె త్రాసే బరువెక్కి మొరాయింపరాదు.

అట్టి తంత్రిని తెచ్చుటెట్లు? లోహమును అంత సన్నగా సాగదీయుట కష్టము. బాయిస్ అను ఆంగ్ల భౌతికశాస్త్రజ్ఞుడు అంతకుముందే ఒక విచిత్రమైన ఉపాయము కనిపెట్టియుండెను. స్ఫటికశిలను మంటలో కరగించి, కరగిన ముద్దను ఒక బాణపు తోకకు తగిలించి, వింటినుండి విడువవలెను. బాణము గదియొక్క ఆవలి కొనకు దూసికొనిపోవునపుడు దాని వెనుక కంటి కగపడని దారము సాగును. ఈ పద్ధతినే అనుసరించి ఐంథోవెన్ స్ఫటికతంతువులను చేయించి, విద్యుత్తు పాఱుటకై వానిపై పలుచని వెండిపూత పూయించెను. వాని మందము మిల్లీమీటరులో సుమారు 300వ వంతు; అనగా మన నెత్తురులోని ఎఱ్ఱకణముకంటె సన్నము. అట్టి దారమును చేతబట్టి, తెగకుండ చట్రమున బిగించిన పరిచారకుల నైపుణ్యమును ఎంత కొనియాడినను తీరదు.

తంత్రి యెంత సన్ననిదో, దానిని మోయు యంత్రము అంత భారీది. విద్యుదయస్కాంతము కాకెక్కిపోకుండ చుట్టును నీరు పాఱించవలెను. ఒకవైపు ఆర్కుదీపము; అయస్కాంతమునకు రంధ్రములు తొలిచి అందు సూక్ష్మదర్శినులు; తంత్రి నీడను సుమారు 600 రెట్లు పెంచి ఫోటోపలకపై వేయు ఏర్పాటు; కాలమును గుర్తించుటకు తిరుగుచున్న చక్రపు ఆకుల నీడలు. మొత్తము బరువు సుమారు 270 కిలోలు. రెండు గదులు నిండెను. నడుపుటకు ఐదుగురు మనుష్యులు కావలెను. పరీక్షింపబడు మనుష్యుడు కుర్చీలో కూర్చుండి, రెండు చేతులను ఎడమకాలిని ఉప్పునీటి జాడీలలో ముంచి యుండెడివాడు. పొడి చర్మము విద్యుత్తునకు గోడవంటిది. ఉప్పునీరు ఆ గోడకు తలుపు తెఱచును. నేడు ఱొమ్మున పూయు చల్లని లేపనము చేయు పనియు అదియే.

1901లో ఈ యంత్రమును గూర్చిన మొదటి వ్యాసము వెలువడెను. 1902లో దానితో పట్టిన మానవ హృదయలేఖ ప్రకటింపబడెను. 1903లో సమగ్రమైన వివరణము వచ్చెను. ఆ వివరణమున ఐంథోవెన్ ఒక పని చేసెను. పూర్వము పాదరసపు గీతను దిద్ది లెక్కతో సాధించిన గీతను, ఇప్పుడు తంత్రి తానై గీసిన గీతను ప్రక్కప్రక్కన పెట్టెను. రెండును సరిపోయెను. ఎనిమిదేండ్లక్రిందట కాగితముపై కలముతో కట్టిన లెక్కను స్ఫటికతంతువు ఏ లెక్కయు లేకయే ఒప్పుకొనెను. ఒక శాస్త్రజ్ఞుని జీవితమున ఇంతకంటె పెద్ద పండుగ మఱియేది? దిద్దిన గీతకు పెట్టిన పేర్లే దిద్ద నక్కఱలేని గీతకును నిలిచిపోయెను. పి నుండి మొదలగుటకు ఇదియే చరిత్ర.

అతడు చేసిన మఱియొక మేలు పైకి చిన్నది, ఫలమున పెద్దది. వోల్టులో వేయవ వంతు విద్యుత్తును పంపినపుడు గీత సరిగా ఒక సెంటీమీటరు లేచునట్లు తంత్రి బిగువును ముందుగా సరిచూచుకొనవలెనని నియమము పెట్టెను. లైడెన్‌లో పట్టిన గీతను లండనులో పట్టిన గీతతో పోల్చుటకు ఇట్టి ఉమ్మడి కొలబద్ద లేనిది సాధ్యముకాదు. అంగడికొక మానిక, ఊరికొక తవ్వ యున్న కాలమున బేరములెట్లు నడచెనో పెద్దల కెఱుకయే. నేటికిని లోకమందంతట హృదయలేఖకు మామూలు కొలత యిదియే.

యంత్రము సిద్ధమైనది, కాని రోగులు వైద్యశాలలో, యంత్రము పరిశోధనశాలలో. నడుమ సుమారు కిలోమీటరున్నర దూరము. ప్రాణాపాయమున నున్నవారిని మోసికొని వచ్చుట తగదు, యంత్రమును కదల్చుట తరముకాదు. ఐంథోవెన్ టెలిఫోను తీగలవెంట గుండె విద్యుత్తును రప్పించెను. 1905 మార్చి 22న మొదటి దూరహృదయలేఖ వచ్చెను. అది రోగిది కాదు, పరిశోధనశాలనుండి వైద్యశాలకు సైకిలు తొక్కుకొని పోయిన ఆరోగ్యవంతునిది. ఆర్ శిఖరము ఎత్తుగా రాగా, అది సైకిలు తొక్కినందువలన గావచ్చునని వ్రాసికొనిరి. హాలెండువారికి అన్నిటను సైకిలే అడ్డువచ్చునని నవ్వుకొనవచ్చును. ఐంథోవెన్ కూడ నిత్యము సైకిలుమీదనే పనికి పోవుచుండెను.

1906లో ఆ తీగలద్వారా వచ్చిన లేఖలను అతడు ప్రకటించెను. గుండె లయతప్పి కొట్టుకొనుట, పై గదుల ఆజ్ఞ క్రింది గదులకు అందకపోవుట, ఒక ప్రక్క గోడలు దళసరియగుట మొదలైన వ్యాధులు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు గీతను గీయునని అందు తెల్లమయ్యెను. మన వైద్యులు నాడి పట్టి పాముగతి, కప్పగతి, హంసగతి అని వేళ్ళతో ఎఱిగిన భేదములు వేఱు. ఇవి కంటితో చూచి, కొలిచి, దాచి, పదేండ్లకు మరల చూడదగినవి. ఐనను ఈ కూటమి ఎక్కువకాలము సాగలేదు. వైద్యశాలవారికిని పరిశోధనశాలకును పొత్తు చెడినది. తీగల రాకపోకలు నిలిచిపోయినవి. రోగికి మందిచ్చువారికి ఒక మర్యాద, కొలుచువానికి ఒక మర్యాద ఏర్పడిన చోట ఇట్టివి జరుగుచునేయుండును. నష్టము మాత్రము రోగిది. హృదయలేఖకు పుట్టినిల్లైన లైడెన్‌లో రోగులకందవలసిన ఫలము ముందుగా మఱియొక దేశమున అందెను.

ఆ కథకు ముందు యంత్రములు చేసి అమ్మువారి కథ కొంత చెప్పవలెను. మ్యూనిక్ నగరమున ఎడెల్మన్ అను జర్మను యంత్రకారుడు ఈ సాధనమును చేయుటకు పూనుకొని, అమ్మిన ప్రతి యంత్రమునకు ఐంథోవెన్‌కు కొంత సొమ్మిచ్చుటకు ఒప్పుకొనెను. కొంతకాలమునకు ఆ చెల్లింపు ఆగిపోయెను. తంత్రితో విద్యుత్తును పట్టు ఉపాయమును 1897లోనే క్లెమాన్ అదేర్ అను ఫ్రెంచివాడు కనిపెట్టెను గావున ఐంథోవెన్‌కు హక్కు లేదని అతని వాదము. అదేర్ సముద్రపు అడుగున పోవు తంతివార్తలను అందుకొనుటకు సన్నని తీగను అయస్కాంతముల నడుమ నిలిపిన మాట నిజమే. కాని వార్త వచ్చినదా లేదా అని తెలిసికొనుట వేఱు, వచ్చిన విద్యుత్తును వేయవ వంతువఱకు కొలుచుట వేఱు. రెండును తంత్రులే యని ఒకటిగా కట్టుట వీణెకును ఏకుదుడ్డికిని భేదము లేదనుటయే. ఐంథోవెన్ ఇంగ్లండువైపు చూచెను. పరిణామవాదియైన చార్లెస్ డార్విన్ కుమారుడు హొరేస్ డార్విన్ నడుపుచున్న కేంబ్రిడ్జి శాస్త్రపరికరముల సంస్థ ఆ పనిని అందుకొనెను. రెండు గదులు నిండిన యంత్రము క్రమముగా కృశించి, ఒక మేజామీద అమరునంత చిన్నదయ్యెను.

లండను వైద్యుడు థామస్ లూయిస్ ఆ యంత్రమును రోగిమంచము కడకు తెచ్చెను. గుండె లయ తప్పు రోగములను గీతలవలన విడదీసి శాస్త్రముగా కూర్చిన కీర్తి అతనిది. ఐంథోవెన్‌కును లూయిస్‌కును గాఢమైన స్నేహము కలిసెను. తన యంత్రమువలన ఎవరికి ఎక్కువ పేరు వచ్చునో అను అసూయ ఐంథోవెన్‌కు లేదు. తన పని లోకమునకు పనికివచ్చినది లూయిస్ వలననేయని అతడు సభలయందు ఒప్పుకొనెను.

1912లో లండనులో చేసిన ఉపన్యాసమున ఐంథోవెన్ తన సిద్ధాంతములలో మిక్కిలి సొగసైనదానిని వెల్లడించెను. కుడిచేయి, ఎడమచేయి, ఎడమకాలు అను మూడు చోట్లను మూడు కొనలుగా భావించినచో, సమబాహు త్రిభుజమొకటి ఏర్పడును. గుండె దాని నడుమ నుండును. రెండేసి కొనల నడుమ ఒక్కొక్క లేఖ చొప్పున మూడు లేఖలు వచ్చును. ఒకే దీపమును మూడు కిటికీలనుండి చూచినట్లు, మూడింటిని కలిపి చూచినచో గుండెలోని విద్యుత్తు ఏ దిక్కునకు ఎంత బలముతో పాఱుచున్నదో రేఖాగణితముచే తేల్చవచ్చును. మఱియు ఒకటవ లేఖకు మూడవ లేఖను కూడినచో రెండవ లేఖ రావలెను. రాకున్నచో తీగ ఎక్కడనో తప్పు తగిలించిరన్నమాట. సాధనము తన తప్పును తానే చెప్పునట్లు చేయుట ఐంథోవెన్ స్వభావమునకు తగినదే. దేహము సమబాహు త్రిభుజము కాదుగదాయని ఆక్షేపించినవారు కలరు. ఆ యాక్షేపణలో సత్యమున్నది. ఐనను ఆ త్రిభుజమును నేటికిని ప్రతి వైద్యవిద్యార్థి అభ్యసించుచున్నాడు.

అతని కుమారుడు విల్లెమ్ ఫ్రెడెరిక్ విద్యుద్యంత్రశాస్త్రము చదివెను. తండ్రీకొడుకులు కలిసి 1920వ దశకమున ఒక క్రొత్త ప్రయత్నము చేసిరి. గాలి తీసివేసిన పెట్టెలో మునుపటికంటె ఎన్నో రెట్లు సన్నని తంత్రిని నిలిపి, దాని బిగువును శ్రుతిచేసి, జావానుండి తీగలేకుండ వచ్చు రేడియో తంతివార్తలను పట్టిరి. జావాలో ఆ రేడియో నిర్మాణమున కుమారుడు ముఖ్యుడయ్యెను. పదేండ్ల వయస్సున ఓడలో విడిచివచ్చిన ద్వీపపు పలుకు, ముదిమిలో తన తంత్రిమీదనే తండ్రికి వినబడినది.

1924లో శరీరధర్మ వైద్యశాస్త్ర విభాగమున నోబెల్ బహుమతి ఐంథోవెన్‌కు ప్రకటించిరి. ఆ వార్త వచ్చునప్పటికి అతడు అమెరికాలో ఉపన్యాసములిచ్చుచుండెను. హృదయలేఖయొక్క విధానమును కనుగొన్నందుకు బహుమతియని నిర్ణేతలు వ్రాసిరి; యంత్రమును గూర్చి ఆ వాక్యమున మాటలేదు. మఱుసటి యేడు డిసెంబరులో స్టాక్‌హోముకు పోయి చేసిన ఉపన్యాసమునకు మాత్రము ఐంథోవెన్ తంత్రీయంత్రము పేరే ముందుగా పెట్టెను.

ఆ సొమ్మును గూర్చి ఒక వృత్తాంతము చెప్పుకొందురు. యంత్రము నిర్మించు కాలమున పరిశోధనశాలలో వాన్ డెర్ వూర్డ్ అను పనివాడుండెను. ఐంథోవెన్ ఊహను లోహముగను స్ఫటికముగను మార్చినవి చాలవఱకు అతని చేతులే. బహుమతి వచ్చినపుడు, అందులో అతనికి భాగమున్నదని ఐంథోవెన్ అతనికొఱకు విచారించెను. అతడు అప్పటికే మరణించెను. తోబుట్టువులైన ఇరువురు స్త్రీలు ధర్మసత్రమువంటి చోట పేదరికమున బ్రతుకుచుండిరని తెలిసెను. ఐంథోవెన్ స్వయముగా పోయి వారిని వెదకి పట్టుకొని, తన బహుమతి సొమ్ములో సగము వారికిచ్చెనట.

ఉదరమున పుట్టిన పుట్టకురుపు వ్యాధితో బహుకాలము బాధపడి, ఐంథోవెన్ 1927 సెప్టెంబరు 29న లైడెన్‌లో మరణించెను. అతని తరువాత శూన్యనాళికలతో విద్యుత్తును పెంచు యంత్రములు వచ్చి స్ఫటికతంతువును వెనుకకు నెట్టినవి. మూడు లేఖలకు తోడు ఱొమ్ముమీదివి ఆఱు, అవయవములవి మఱి మూడు చేరి నేటి పండ్రెండైనవి. కుమారుడు రెండవ ప్రపంచయుద్ధకాలమున జపానీయుల చెరలో చిక్కి, 1945లో అక్కడనే కన్నుమూసెను. తండ్రి సమాధి లైడెన్ ప్రక్కనున్న ఊగ్స్ట్‌గేస్ట్ గ్రామమున, పాత చర్చి ప్రాంగణములో నున్నది.